తలకిందుల గుడ్డెలుగు

మా మనవరాలు టీవీలో బొమ్మల సినిమా పెట్టుకుని కూర్చుంటే నేనూ పక్కన చేరతాను. "నానమ్మా, ముందే చెప్పేయకు" అని అది మొదటే ఒట్టు వేయించుకుంటుంది. ఒట్టు వేస్తాను, పది నిమిషాల్లో తప్పుతాను. ఏం చేయను మరి? ఆ సినిమాలన్నిట్లో జరిగేది ఒకటే. ఒక కుటుంబం ఉంటుంది. అందులో ఒక పిల్ల మిగతావాళ్లలా ఉండదు. దాన్ని సరిచేయాలని ఇంటిల్లిపాదీ తిప్పలు పడతారు. ఆఖరికి ఆ పిల్లలోని తేడాయే అందరినీ గండం దాటిస్తుంది. అప్పుడు ఒకళ్లనొకళ్లు కావలించుకుని ఏడుస్తారు. మంచి పాఠమే, కాదనను. కానీ ఆ పాఠం నాకు కొత్త కాదు. తొమ్మిదేళ్ల వయసులో, సూర్యాపేటలో, మా సొంత కళ్లంలో నేనే రేకు గొట్టం పట్టుకుని ఊరందరికీ చెప్పాను. ఈ మాట అంటే మనవరాలు నమ్మదు. "నీ కాలంలో కార్టూన్లెక్కడివి?" అని నవ్వుతుంది. నాకు ఒళ్లు మండింది. అందుకే రాస్తున్నాను.

నాది పుర్రచెయ్యి. అంటే ఎడమచేతి వాటం. మా ఇంట్లో అంతకుముందు ఎవరికీ లేదట. మా నాయనమ్మ వెతకని చుట్టరికం లేదు, అమ్మ తరఫు వాళ్లనందరినీ ఆరా తీసింది, దొరకలేదు. దాంతో ఈ తప్పు నేనే సొంతంగా చేశానని తేల్చేసింది. మా ఇంట్లో నాయనమ్మ మాటకు తిరుగులేదు. మా నాయన నలుగురు జీతగాళ్ల మీద అరిచే మనిషి, ఆమె ముందు మాత్రం తువ్వాల భుజం మీంచి తీసి చేతిలో పట్టుకునేవాడు.

అన్నానికి కూర్చునే ముందు నాయనమ్మ పాత చీర పేలిక ఒకటి తెచ్చి నా ఎడమ మణికట్టుకు కట్టి, రెండో కొస నా నడుముకు ముడివేసేది. వేశాక ముడి కింద తన వేలు దూర్చి చూసేది, మరీ బిగుసుకుందేమోనని. ఆపైన "ఊఁ, తిను" అనేది. ఎడమచేత్తో ఎవరికీ ఏమీ ఇవ్వకూడదు, తీసుకోకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా ఊరగాయ జాడీలో చెయ్యి పెట్టకూడదు, పెడితే జాడీ మొత్తం బూజు పడుతుందట.

ఇంట్లో ఇన్ని తంటాలున్నా బడిలో నాకు ఢోకా లేకపోయింది. నిజాం కాలంలో మా ఆడపిల్లల బడి చదువంతా ఉర్దూలో. ఉర్దూ కుడి నుంచి ఎడమకు రాస్తారు. ఎడమచేత్తో రాస్తే చెయ్యి ముందు ముందు పోతుంది, రాసింది చెక్కుచెదరకుండా వెనక మిగులుతుంది. తరగతి మొత్తంలో శుభ్రమైన పలక నాదే. ఇంతలో రాజ్యం మారింది. జనమంతా జెండాలు పట్టుకుని సంబరపడ్డారు, నేనూ మిఠాయి తిన్నాను. తీరా చూస్తే బడిలోకి తెలుగు వచ్చింది. తెలుగు ఎడమ నుంచి కుడికి రాయాలి. నేను ఒక్కో అక్షరం రాస్తుంటే నా మణికట్టే వెనక వచ్చి దాన్ని తుడిచేసేది. పలక చివరికి చేరేసరికి పలక మీద ఏమీ ఉండేది కాదు, నా చేతి మీద ఉండేది. స్వతంత్రం వచ్చి నష్టపోయింది సూర్యాపేటలో నేనొక్కదాన్నే అనుకుని కుమిలిపోయాను.

కొత్తగా వచ్చిన తెలుగు పంతులు ఒకరోజు మా ఇంటికే వచ్చాడు. "శివరాత్రి లోపల కుడిచేత్తో పలక నిండా రాసి చూపియ్యాలె. లేకుంటే పేరు కొట్టేస్త. రాసింది రాసినట్టు తుడుచుకునే పిల్లకు బడెందుకు?" అన్నాడు.

నాయన నాయనమ్మ వైపు చూశాడు. నాయనమ్మ వక్క కొరుకుతూ, "కొట్టేస్తే కొట్టేయుండ్రి. పెండకళ్లు ఎత్తెటందుకు ఏ చెయ్యైతేంది?" అంది.

నాకు బడి మానాలని లేదు. చదువంటే నాకేదో భక్తి అని గొప్పలు పోను. ఇంట్లో ఉంటే పేడ ఉంటుంది, బడిలో కథలుంటాయి, అంతే సంగతి. మా అక్కను ఎనిమిదేళ్లకే బడి మాన్పించారు. అది పేడ తట్ట నెత్తిన పెట్టుకుని గుమ్మంలో నిలబడి, నేను వాచకం చదువుతుంటే వినేది. తట్ట దింపడం కూడా మరిచిపోయేది. దాన్ని చూసినప్పుడల్లా నాకు భయం వేసేది, జాలి కూడా వేసేది. కుడిచేత్తో రాయాలని నిజంగానే ప్రయత్నించాను. నేను రాసిన 'అ' చూసి మా అమ్మ "ఇదేం పురుగే?" అని అడిగింది.

సరిగ్గా అప్పుడే కోదాడ వైపు నుంచి రెండెడ్ల బండ్ల మీద డేరా సినిమా వచ్చింది. మా ఇల్లు ఊరి చివర, కోదాడ బాట మీద. వడ్ల పని అయిపోయి కళ్లం ఖాళీగా ఉంది. డేరా వేసుకుంటామని వాళ్లు నాయనమ్మను అడిగారు. ఆమె పెట్టిన షరతు ఒక్కటే, ఆడవాళ్ల వైపు ముందు వరుసలో తన నులకమంచం వేయాలి. ఆ రోజుల్లో పోలీసుల అనుమతి లేకుండా నలుగురు ఒకచోట కూర్చోవడానికి లేదు. కళ్లం ఇచ్చినట్టు కాగితం రాయించి, ముద్ర వేయించడానికి నాయనమ్మను కచేరీకి తీసుకెళ్లారు. తోడుగా నేనూ వెళ్లాను. ఆమె కుడి బొటనవేలు చాపితే గుమాస్తా, "గది కాదు పెద్దమ్మా, ఎడమది" అని ఎడమచెయ్యి పట్టుకుని సిరా రాసి కాగితానికి అద్దాడు. సర్కారు కాగితం మీద తన వేలు పడినందుకు నాయనమ్మ మురిసిపోయింది. ఆ వేలికి నీళ్లు తగలకుండా మూడురోజులు కాపాడి, వచ్చినవాళ్లందరికీ చూపించింది. నేను వెంటనే ఏదో అనాల్సింది. తొమ్మిదేళ్ల బుర్ర, తట్టలేదు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఒక్కటే ఆట. అసలు సినిమాకు ముందు ఒక చిన్న బొమ్మల రీలు వేసేవాళ్లు. మనుషులు గీసిన బొమ్మలు తెర మీద పరుగెత్తేవి. అది ఇంగ్లీషుది. ఎలుకలు కీచుమన్నట్టు ఏవో మాటలు, ఎవరికీ ముక్క అర్థమయ్యేది కాదు. అందుకని తెర పక్కన ఒకాయన బల్ల ఎక్కి, ఒక చేత్తో రేకు గొట్టం నోటికి పెట్టుకుని, ఇంకో చేత్తో కర్ర ఆడిస్తూ కథ చెప్పేవాడు. కృష్ణానది అవతలి మనిషి. మేమంతా ఆయన్ని గొట్టం మామ అనేవాళ్లం.

మొదటి రోజు నాయనమ్మ రాలేదు. కదిలే బొమ్మలు చూస్తే కళ్లు తిరుగుతాయంది. మేం వెళ్లాం. తెర మీద గుడ్డెలుగులు వచ్చాయి. ఎలుగుబంటిని మా వైపు అట్లాగే అంటాం. గొట్టం మామ అందుకున్నాడు.

"చూడండి బాబూ చూడండి! ఇది ఎలుగుబంటిగారి సంసారం. నాన్న, అమ్మ, నలుగురు పిల్లలు. ముగ్గురు బుద్ధిమంతులు, కాళ్ల మీద నడుస్తున్నారు. నాలుగోదాన్ని చూశారా? పెంకి ఘటం! కాళ్లు పైకెత్తి చేతుల మీద నడుస్తోంది. పెద్దల మాట వినకపోతే ఇదిగో, ఇట్లా తలకిందులైపోతారన్నమాట!"

జనం పకపకా నవ్వారు. నాన్న ఎలుగు ఆ పిల్లను నిలబెట్టి చూసింది, పడుకోబెట్టి చూసింది, చెవి పట్టి లాగింది. అది మళ్లీ తలకిందులే. చివరికి ఒక బండ కింద తేనెపట్టు కనిపించింది. నాన్న మూతి పెట్టాడు, ఈగలు ముక్కు మీద కుట్టాయి. అమ్మ మూతి, పిల్లల మూతులు, అన్నీ వాచిపోయాయి. అప్పుడు మా తలకిందులది వచ్చి, కాళ్లు పైకి చాపి, పాదాలతో పట్టును పెరికేసింది. దాని అరికాళ్లు మొద్దు, ఈగలు ఎంత కుట్టినా దానికి లెక్కలేదు. అందరూ చుట్టూ కూర్చుని తేనె తిన్నారు.

నేను చూసింది అదీ. గొట్టం మామ చెప్పింది వేరు. "దేవుడు వేసిన శిక్ష చూడండి! అరికాళ్లు తూట్లు పడిపోతున్నాయి! ఏమ్మా ఎలుగూ, బుద్ధొచ్చిందా? వచ్చిందట! తప్పైందని తేనె తెచ్చి పెద్దల ముందు పెడుతోంది!"

వెనక నుంచి ఎవరో, "మన పుర్రచెయ్యి పోరి లెక్కనే ఉన్నది" అన్నారు. తలలన్నీ నా వైపు తిరిగాయి. తరువాత వేసిన అసలు సినిమా ఏమిటో ఈ రోజుకీ నాకు తెలియదు, ఏడుస్తూ కూర్చున్నాను.

ఇంటికి రాగానే అక్క ఊరుకుందా, పూసగుచ్చినట్టు నాయనమ్మకు చెప్పేసింది. నాయనమ్మ తొడ చరిచింది. "సూసినవానే! సినిమోళ్లు గూడ గదే చెప్తున్నరు. శనివారం నేనే వస్త. నీ పక్కపొంటి కూసోని సూపిస్త. అప్పటికిగాని నీ చెయ్యి తిరగదు."

మర్నాడు మధ్యాహ్నం గొట్టం మామ మా అరుగు మీదికి మజ్జిగకు వచ్చాడు. నేను కాచుకుని ఉన్నాను.

"అబద్ధాలెందుకు చెప్పినవ్ మామా? దానికి తేనె దొర్కింది గదా! నేను సూసిన."

"నిజమేనే అమ్మాయ్, దొరికింది" అన్నాడు మూతి తుడుచుకుంటూ. "అయితే నేనేం చెయ్యను? డేరాలో కూర్చునేది తల్లులూ తండ్రులూ. వాళ్లకి నచ్చే ముక్క చెబితేనే చప్పట్లు కొడతారు. ఎలుగుబంట్లు వచ్చి కొట్టవు కదా!"

"నా పేరు బడిల కెల్లి కొట్టేస్తరు" అన్నాను. పంతులు మాట, శివరాత్రి గడువు, అక్క పేడ తట్ట అన్నీ చెప్పాను. ఆయన మజ్జిగ చెంబు పక్కన పెట్టి కాసేపు నెత్తి గోక్కున్నాడు.

"సరే. శనివారం ఒక్కరోజు నిజం చెబుతాను. ఊరికే చెప్పను మరి. మీ మామ్మగారి మామిడికాయ ఊరగాయ ఉందే, వాసనకే ప్రాణం లేచొస్తోంది. అది కావాలి."

బేరం కుదిరింది. రోజూ నాయనమ్మ కునుకు తీసే వేళకు జాడీ మూత తీసి, కావాలనే ఎడమచెయ్యి పెట్టి, ఆకు నిండా ఊరగాయ ఎత్తుకెళ్లి ఇచ్చేదాన్ని. ఎటూ పాపం మూటగట్టుకుంటున్నాను, అది నా చేత్తోనే చేద్దామని. ఆయన అన్నంలో కలుపుకోవడం కాదు, ఉత్తిదే నాకేసేవాడు. మా వైపు కారం సంగతి కృష్ణ అవతలి వాళ్లకు తెలుసని నేననుకున్నాను. తెలియదో, తెలిసి ఆగలేకపోయాడో మరి. ఐదు రోజులు గడిచాయి.

శనివారం వచ్చింది. నాయనమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, జీతగాడితో మంచం మోయించుకుని, ఊరేగింపుగా డేరాలోకి వచ్చింది. పంతులు కూడా మగవాళ్ల వైపు ముందు వరుసలో ఉన్నాడు. డేరా కరెంటు ఇంజను మోగింది, దీపం ఆరింది, గుడ్డెలుగులు వచ్చాయి. గొట్టం మామ బల్ల ఎక్కి గొట్టం ఎత్తాడు. నోరు తెరిచాడు. "చూ..." అని ఏదో గాలి వచ్చింది తప్ప మాట రాలేదు. మళ్లీ తెరిచాడు. మళ్లీ గాలే. మా ఊరగాయ ఆయన గొంతును పూర్తిగా మింగేసింది.

జనం ఈలలు వేశారు. "కథ చెప్పు! కథ చెప్పు!" అని కేకలు. రీలు ఆగదు కదా, నాన్న ఎలుగు అప్పటికే పిల్ల చెవి పట్టుకుంది. గొట్టం మామ నా వైపు చూసి, వేలితో పిలిచి, గొట్టం నా ముందుకు చాపాడు. ఎలా లేచానో నాకు గుర్తులేదు. బల్ల మీద నిలబడ్డాను. గొట్టం కుడిచేతిలో ఉంది, కర్ర ఎడమచేతిలోకి దానంతటదే వచ్చింది.

"పుర్రచెయ్యి!" అని వెనక నుంచి అరిచారు.

"గొట్టం మొయ్యడానికి కుడి, కర్ర తిప్పడానికి ఎడమ. నీకు రెండు చేతుల్లేవా?" అన్నాను గొట్టంలో. నా గొంతు అంత పెద్దగా ఉంటుందని నాకే తెలియదు. డేరా గొల్లుమంది. ఇక భయం పోయింది.

"ఇది గుడ్డెలుగు ఇల్లు. ముగ్గురు పిల్లలు కాళ్ల మీద నడుస్తరు. ఇది చేతుల మీద నడుస్తది. ఎందుకంటే దానికి గట్లనే వస్తది. తప్పు చెయ్యలే. ఎవలను కొట్టలే. పుట్టుడే గట్ల పుట్టింది..."

"ఏందే!" అని మంచం మీంచి నాయనమ్మ కేక వేసింది. "దానికి నాయనమ్మ లేదా?"

రీలులో నాయనమ్మ ఎక్కడుంది? లేదు. కానీ నా నోరు ఊరుకుంటుందా. "ఉన్నది! తెరకు అవతల మంచమేస్కొని కూసున్నది. మనకు కానొస్తలేదు."

మళ్లీ నవ్వులు. నాయనమ్మ నవ్వలేదు. "ఏమన్నది మరి?"

"ఏమంటది? దాని కాళ్లు పేలికతోని కట్టేసింది."

డేరాలో నవ్వు ఆగిపోయింది. తెర మీద పిల్ల ఎలుగు పాదాలు పైకెత్తి తేనెపట్టు వైపు వెళుతోంది.

"కట్టేస్తే తేనెట్ల తెస్తున్నది?" అంది నాయనమ్మ. ఈసారి కేక వేయలేదు, మామూలుగా అడిగింది.

కర్ర ఎత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాను. అప్పుడు రోజూ ముడి కింద దూరే ఆ వేలు గుర్తొచ్చింది.

"ముడి జర వదులుగేసింది నాయనమ్మ. గట్టిగ ఎయ్యొచ్చు. ఎయ్యలే" అన్నాను. అంటుంటే ఏడుపొచ్చేసింది. మిగతా కథ ముక్కు చీదుకుంటూ చెప్పాను. తేనె తినే చోట చప్పట్లు కొట్టారు. నాయనమ్మ సినిమా అయ్యేదాకా చూసి, ముందు నడుస్తూ ఇంటికి వచ్చింది. ఆమె తిడితేనే నాకు నయమనిపించింది.

మర్నాడు అన్నాల వేళ ఊరగాయ కోసం జాడీ మూత తీసింది. సగానికి సగం ఖాళీ.

"ఎవలు తీసిండ్రు?"

"నేనే."

"ఏ చేత్తోని?"

దాచి ఏం లాభం? ఎడమచెయ్యి ఎత్తి చూపించాను. నాయనమ్మ జాడీలోకి తొంగి చూసింది. వాసన చూసింది. వేలితో అంచు తుడిచి, ఆ వేలు నాలుకకు రాసుకుంది. బూజు లేదు, ఏమీ లేదు. చాలాసేపు జాడీని, నన్ను మార్చి మార్చి చూసింది. నా చేతికి కట్టడానికి తెచ్చిన పేలికను జాడీ మూతికి చుట్టి, రెండు ముళ్లు వేసింది. అవి మాత్రం గట్టిగా వేసింది.

"అన్నం కుడిచేత్తోనే తిను. నలుగుర్ల నా ఇజ్జత్ తియ్యకు" అంది. ఒక ముద్ద తిన్నాక, "రేపు బడికి నేనొస్త" అంది. పేరు కొట్టేయించడానికే అనుకున్నాను.

సోమవారం పొద్దున బడిలో పంతులు ముందు నాయనమ్మ నిలబడింది. కొంగులోంచి ఎడమచెయ్యి బయటికి తీసి, బొటనవేలు ఆయన ముక్కు ముందు పెట్టింది. గోరు పక్కన సిరా మరక ఇంకా కొంచెం ఉంది.

"గిది చూడు పంతులూ. కచేరీల కుడిచెయ్యి ఇస్తే వద్దన్నరు. ఎడమదే పట్టుకొని కాగితానికి అద్దుకున్నరు. సర్కారుకు సరిపోయిన చెయ్యి నీ బడికి సరిపోదా? నువ్వు సర్కారు కన్న పెద్దోనివా?"

పంతులు నోరు తెరిచి మూశాడు. మొన్నటి గొట్టం మామ గుర్తొచ్చి నాకు నవ్వాగలేదు. "రాసింది చెరుగుతది గదా పెద్దమ్మా" అన్నాడు చివరికి.

"చెరిగితే మల్ల రాస్తది. నీకేమన్న బలపం ఖర్చా?" అని నా వైపు తిరిగింది. "సక్కగ రాయకపోతే రెండు చేతులు కడ్త. సూడు మరి."

డేరా ఆ వారమే మిర్యాలగూడకు కదిలింది. నెల తరువాత అక్కడి నుంచి మా మేనత్త వచ్చి, గొట్టం మామ గొంతు బాగైందని చెప్పింది. ఇప్పుడు ఆ ఎలుగుబంటి కథలో తెర అవతల మంచం మీద ఒక నాయనమ్మ ఉందట, ముడి వదులుగా వేసిందట, ఆ ముక్క దగ్గర మిర్యాలగూడ ఆడవాళ్లంతా కళ్లకు కొంగులు అడ్డం పెట్టుకుంటున్నారట. "ఎవలో గని మంచి ముసల్ది" అంది మేనత్త. నాయనమ్మ వక్క కొరుకుతూ గోడ వైపు చూసింది.

ఆ సాయంత్రం నన్ను పిలిచి, "నా పేరు రాయొస్తదా నీకు?" అని అడిగింది. పలక తెచ్చి రాశాను. ఎడమచేత్తో రాస్తే ఎప్పటిలాగే అక్షరాలు సగం చెరిగాయి. మణికట్టు గాల్లో ఎత్తి పట్టుకుని మళ్లీ రాశాను. అక్క పేడ చేతులు కడుక్కొచ్చి పక్కన కూర్చుంది. నాయనమ్మ పలకను రెండు చేతులతో తీసుకుంది. ఆమెకు చదువు రాదు. పలకను తలకిందులుగా పట్టుకుంది.

"మంచిగుంది" అంది.

అక్క నవ్వబోతే దాని నోటికి నా ఎడమచెయ్యి అడ్డం పెట్టాను. నాయనమ్మ తన పేరును అలాగే, తలకిందులుగానే, చాలాసేపు చూసుకుంది. నేను తిప్పి ఇవ్వలేదు.